పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: వర్జీనియా జట్టు 2018–19 సీజన్

అమెరికా విశ్వవిద్యాలయాల ఆటల గురించి గత సంచికలో రాసిన వ్యాసంలో, వర్జీనియా విశ్వవిద్యాలయ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 2018లో ఎవరూ లెక్కలోకి తీసుకోని జట్టు చేతిలో ఓడి, మరుసటి ఏడాదే జాతీయ విజేతగా నిలిచిందని రెండు వాక్యాల్లో చెప్పి వదిలేశాను. ఆ రెండు వాక్యాలు ఎంతమాత్రం చాలలేదని వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. వాటిలో ఆరింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చదువుతోంది. షార్లట్స్‌విల్ ఊళ్ళో ఎవరితో బాస్కెట్‌బాల్ మాట కదిపినా 2019 విజయం కన్నా ముందు 2018 ఓటమి గురించే చెబుతారని అంటోంది. మ్యాచ్ ఓడిపోవడం ఏ జట్టుకైనా ఉండేదే కదా, ఇది అంత పెద్ద విషయం ఎందుకయింది?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఆ ఓటమి బరువు తెలియాలంటే ఏటా మార్చిలో మొదలయ్యే జాతీయ టోర్నమెంట్ నడిచే పద్ధతి కొంత తెలియాలి. దానికి 68 జట్లను ఎంపిక చేస్తారు. ప్రాథమిక మ్యాచ్‌ల తర్వాత 64 మిగులుతాయి. వాటిని పదహారేసి జట్ల చొప్పున నాలుగు విభాగాలు చేసి, ప్రతి విభాగంలోనూ బలాన్నిబట్టి 1 నుంచి 16 వరకు సీడ్ ఇస్తారు. మొదటి సీడ్ జట్టు తొలి మ్యాచ్‌ను పదహారో సీడ్‌తో ఆడుతుంది. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే, రెండో అవకాశం లేదు. 1985లో ఈ 64 జట్ల పద్ధతి మొదలైనప్పటి నుంచి 2018 మార్చి 16 రాత్రి వరకు పురుషుల టోర్నమెంట్‌లో మొదటి సీడ్‌లూ పదహారో సీడ్‌లూ 135 సార్లు తలపడితే, 135 సార్లూ మొదటి సీడ్‌లే గెలిచాయి.

ఆ రాత్రి వర్జీనియా అడుగుపెట్టింది మామూలు మొదటి సీడ్‌గా కాదు. అప్పటికి 31 మ్యాచ్‌లు గెలిచి రెండే ఓడిన ఆ జట్టుకు, మొత్తం 68 జట్లలోనూ అగ్రస్థానం ఇచ్చారు. ఎదురుగా ఉన్నది యూఎంబీసీ, అంటే మేరీలాండ్ విశ్వవిద్యాలయపు బాల్టిమోర్ కౌంటీ శాఖ. ఆ జట్టు అదే ఏడాది జనవరిలో ఆల్బనీ చేతిలో 44 పాయింట్ల తేడాతో ఓడింది. తమ లీగ్ ఫైనల్లో వెర్మాంట్‌పై జెయిరస్ లైల్స్ ఆఖరి క్షణంలో వేసిన మూడు పాయింట్ల షాట్ పడబట్టి టోర్నమెంట్‌కు రాగలిగింది. నార్త్ కరోలినాలోని షార్లట్ నగరంలో జరిగిన ఆ మ్యాచ్‌లో విరామానికి స్కోరు 21–21. అప్పటికింకా ఎవరికీ పెద్దగా అనుమానం కలగలేదు. రెండో సగంలో యూఎంబీసీ 53 పాయింట్లు చేసింది. ఆ సీజన్‌లో వర్జీనియా ప్రత్యర్థులకు మొత్తం మ్యాచ్‌లో ఇచ్చిన పాయింట్ల సగటు 54 అని గుర్తు చేసుకుంటే, ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో అర్థమవుతుంది. తుది స్కోరు 74–54. లైల్స్ ఒక్కడే 28 పాయింట్లు చేశాడు. యూఎంబీసీ మూడు పాయింట్ల షాట్లు 24 వేస్తే 12 పడ్డాయి, వర్జీనియా 22 వేస్తే నాలుగే పడ్డాయి.

వర్జీనియాకు చెందిన డియాండ్రే హంటర్ మణికట్టు ఎముక విరగడంతో ఆ మ్యాచ్ ఆడలేదు. అది నిజమే కానీ, ఇరవై పాయింట్ల తేడాను ఒక ఆటగాడి గైర్హాజరుతో వివరించలేం. అసలు కారణం ఆ జట్టు ఆడే తీరులోనే కొంత ఉందని నా అభిప్రాయం. వర్జీనియా దేశంలోనే అత్యంత నెమ్మదిగా ఆడే జట్లలో ఒకటి. బంతి చేతికి వచ్చిన తర్వాత అనుమతించిన 30 సెకన్లలో చాలా భాగం వాడుకుని, తొందర లేకుండా మంచి షాట్ కోసం వేచి చూస్తుంది. దానివల్ల మ్యాచ్ మొత్తంలో ఒక్కో జట్టుకు దక్కే అవకాశాలు దాదాపు అరవైకి తగ్గిపోతాయి. అవకాశాలు తక్కువైతే బలమైన జట్టుకూ బలహీనమైన జట్టుకూ మధ్య ఉన్న తేడా బయటపడటానికి సమయం చాలదు. పైగా ఒకసారి వెనకబడితే, నెమ్మదిగా ఆడటానికే అలవాటుపడిన జట్టు హఠాత్తుగా పరుగు పెంచలేదు. ఆ రాత్రి రెండో సగంలో జరిగింది అదే. చెరువుకు గండి పడ్డాక బుట్టలతో మట్టి పోసినట్టయింది వాళ్ళ ప్రయత్నం.

కాబట్టి మీ అమ్మాయితో మాట్లాడిన ఊరివారు ఓటమిని ముందు చెప్పడంలో ఆశ్చర్యం లేదు. వాళ్ళు ఒక ఏడాదిపాటు ఆ స్కోరును దేశమంతా ఎగతాళిగా అంటుంటే విన్నవారు. అది చెప్పకుండా 2019 గురించి చెబితే సగమే చెప్పినట్టని వాళ్ళకు తెలుసు.

ప్రశ్న: పదహారో సీడ్ మొదటి సీడ్‌ను ఓడించడం చరిత్రలో అదే మొదటిసారి అని మీరు రాశారు. అది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సరైనది కాదమ్మా. పురుషుల టోర్నమెంట్‌లో అదే మొదటిసారి అని రాయవలసింది. మహిళల టోర్నమెంట్‌లో అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1998లో, పదహారో సీడ్‌గా వచ్చిన హార్వర్డ్ జట్టు మొదటి సీడ్ స్టాన్‌ఫర్డ్‌ను వాళ్ళ సొంత మైదానంలోనే 71–67తో ఓడించింది. ఆడపిల్లలు సాధించినదాన్ని లెక్కలో చేర్చకుండా ‘చరిత్రలో మొదటిసారి’ అని రాయడం నా తప్పు. సరిదిద్దినందుకు మీకు కృతజ్ఞతలు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా దగ్గర జట్టు ఓడితే మొదట మారేది ఆటగాళ్ళు, తర్వాత కోచ్. అంత అవమానం తర్వాత వర్జీనియా కోచ్ ఏమేం మార్చారు? ఏమేం మార్చలేదు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ఈ సీజన్ గురించి అడగవలసిన అసలు ప్రశ్న మీరు అడిగారు. నేను కొంచెం వివరంగానే చెబుతాను.

కోచ్ టోనీ బెనెట్ 2009లో వర్జీనియాకు వచ్చారు. ఆయన తండ్రి డిక్ బెనెట్ కూడా పేరున్న కోచ్, 2000లో విస్కాన్సిన్ జట్టును జాతీయ టోర్నమెంట్‌లో ఆఖరి నాలుగు జట్ల వరకు తీసుకెళ్ళినవారు. అమెరికాలో ‘ప్యాక్ లైన్’ అని పిలిచే రక్షణ పద్ధతికి రూపమిచ్చింది ఆ తండ్రే. రింగుకు సుమారు పదహారు అడుగుల దూరంలో ఒక గీత ఉన్నట్టు ఊహించుకోవాలి. బంతి ఉన్నవాణ్ణి ఒక్కడే బయటికి వెళ్ళి ఒత్తిడి పెడతాడు. మిగిలిన నలుగురూ ఆ ఊహాగీత లోపలే సర్దుకుని, ఎవరు డ్రైవ్ చేసుకుంటూ లోపలికి చొరబడబోయినా అడ్డుగా నిలబడతారు. బంతి చేతులు మారిన ప్రతిసారీ ఐదుగురూ కలిసి జరగాలి, ఒక్కడు బద్ధకిస్తే గోడలో కన్నం పడుతుంది. చూడటానికి మెరుపులేమీ లేని ఈ పద్ధతిని వంటబట్టించుకోవడానికి కుర్రాళ్ళకు ఏడాది రెండేళ్ళు పడుతుంది. హంటర్ కూడా తన తొలి ఏడాది, 2016–17లో, మ్యాచ్‌లేవీ ఆడకుండా సాధనకే పరిమితమై కూర్చున్నవాడే.

ఈ పద్ధతిని 2018 ఓటమి తర్వాత బెనెట్ మార్చలేదు. నెమ్మదిగా ఆడటమూ మానలేదు. నిజానికి 2018–19లో దేశంలోని మొదటి శ్రేణి జట్లన్నింటిలోకీ నెమ్మదిగా ఆడింది వర్జీనియాయే. తన కార్యక్రమానికి పునాదిగా ఆయన ఎంచుకున్న ఐదు మాటలనూ (వినయం, తపన, ఐక్యత, సేవాభావం, కృతజ్ఞత) గోడ మీది నుంచి తీసెయ్యలేదు. చదువు పూర్తయి వెళ్ళిపోయిన డెవాన్ హాల్, ఐజయా విల్కిన్స్ వంటివారిని మినహాయిస్తే, ఆ ఓటమిని అనుభవించిన ముఖ్యమైన ఆటగాళ్ళు, కైల్ గై, టై జెరోమ్, హంటర్, గినీ దేశం నుంచి వచ్చిన మమాది డియాకిటే, న్యూజిలాండ్ నుంచి వచ్చిన జాక్ సాల్ట్, అందరూ తిరిగి వచ్చారు.

మార్చినది దాడిలో. అంతకుముందు వాళ్ళ దాడి ఎక్కువగా ఒక పద్ధతినే నమ్ముకునేది. ఇద్దరు పొడగరులు అడ్డు నిలబడుతుంటే ముగ్గురు షూటర్లు వాళ్ళ చుట్టూ తిరుగుతూ ఖాళీ వెతుక్కునేవారు. ఎదుటి జట్టు దాన్ని చదివేస్తే ఇక వేరే దారి ఉండేది కాదు. 2018–19లో బెనెట్ దానికి తోడుగా బంతి ఉన్నవాడికే నేరుగా స్క్రీన్ పెట్టే (అంటే అతణ్ణి కాచే ప్రత్యర్థికి తోటివాడు అడ్డు నిలబడే) ఆటను, మన కోచ్‌లు కూడా పిక్ అండ్ రోల్ అని పిలిచేదాన్ని, బాగా పెంచారు. అలా చేయడం వల్ల జెరోమ్ చూపుకూ, పాస్‌కూ విలువ వచ్చింది. పెద్ద జట్ల కోచ్‌లు పొట్టివాడని పట్టించుకోని కిహే క్లార్క్ అనే ఐదడుగుల తొమ్మిది అంగుళాల కొత్త కుర్రవాడు వచ్చి బంతి నడిపే పని పంచుకోవడంతో, జెరోమ్ షాట్లు వేయడానికి వీలు చిక్కింది. అలబామా నుంచి మారి వచ్చిన బ్రాక్స్‌టన్ కీ రీబౌండ్లకు, అంటే గురి తప్పి వెనక్కి వచ్చే బంతులు అందుకోవడానికి, అండగా నిలిచాడు. హంటర్ మణికట్టు నయమైంది.

ఫలితం చూడండి. మొదటి 16 మ్యాచ్‌లూ గెలిచారు. జనవరి 19న జయన్ విలియమ్సన్, ఆర్‌జే బారెట్ ఆడిన డ్యూక్ జట్టు చేతిలో 72–70తో, ఫిబ్రవరిలో అదే డ్యూక్ చేతిలో సొంతగడ్డపై 81–71తో ఓడారు. సాధారణ సీజన్‌లో ఓటములు ఆ రెండే. లీగ్ టోర్నమెంట్ సెమీఫైనల్లో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 69–59తో ఓడారు. అది కూడా షార్లట్ నగరంలోనే, యూఎంబీసీ మ్యాచ్ జరిగిన ప్రాంగణంలోనే. అక్కడి నుంచి వారం తిరక్కుండానే జాతీయ టోర్నమెంట్, మళ్ళీ మొదటి సీడ్, మళ్ళీ ఎదురుగా ఒక పదహారో సీడ్. గార్డ్‌నర్–వెబ్ అనే ఆ జట్టు తొలి సగంలో 14 పాయింట్ల ఆధిక్యంలోకి వెళ్ళినప్పుడు ఆ కుర్రాళ్ళ గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో మీరు ఊహించగలరు. విరామానికి 36–30తో వెనకబడి ఉండి కూడా, కొత్త ఎత్తులేవీ వేయకుండా, తమ ఆటనే ఇంకాస్త గట్టిగా ఆడి 71–56తో గెలిచారు. అది చూసినప్పుడే నాకు ఈ జట్టు మీద నమ్మకం కలిగింది.

మన పాఠశాలల్లో ఒక ఓటమికే జట్టును చెదరగొట్టడం నేనూ చూశాను, అది నాకు బాధ కలిగించే విషయం. ఏది పాడైందో, ఏది కేవలం ఆ రోజు బాగా జరగలేదో వేరుచేసి చూడగలగడమే బెనెట్ చేసిన పని.

ప్రశ్న: ఆఖరి మూడు మ్యాచ్‌లూ అదృష్టం మీదే గెలిచారని మా అన్నయ్య అంటాడు. నవ్విన నాపచేనే పండిందని మీరు పొగుడుతున్నారు కానీ, రెఫరీల చలవ లేకపోతే పంట ఎక్కడిది?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీ అన్నయ్య మాటలో నిజం ఉంది, దాన్ని దాటవేయను. మూడు మ్యాచ్‌లనూ విడివిడిగా చూద్దాం.

మార్చి 30న లూయీవిల్‌లో పర్డ్యూతో మ్యాచ్. పర్డ్యూ ఆటగాడు కార్సెన్ ఎడ్వర్డ్స్ ఆ రోజు పది మూడు పాయింట్ల షాట్లతో 42 పాయింట్లు చేశాడు. వర్జీనియా రక్షణ మీద ఒక్క మనిషి అలా విరుచుకుపడటం చాలా అరుదు. మూడు పాయింట్లు వెనకబడి ఉండగా, 5.9 సెకన్లు మిగిలినప్పుడు ఫౌల్ వల్ల జెరోమ్‌కు రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుపడకుండా లైన్ దగ్గర నిలబడి వేసే, ఒక్కో పాయింటు షాట్లు) దక్కాయి. మొదటిది పడింది, రెండోది పడలేదు. రింగును తాకి వచ్చిన బంతిని డియాకిటే వెనక్కి తట్టగా, అది అందరి తలలూ దాటుకుని తమ సగంలోకి దొర్లిపోయింది. క్లార్క్ పరుగెత్తి దాన్ని అందుకున్నాడు. అంత దూరం నుంచే షాట్ విసిరేయడానికి ఎవరికైనా చెయ్యి లాగుతుంది. అతడు మాత్రం తల ఎత్తి చూసి, దాదాపు నలభై అడుగుల దూరంలో ఉన్న డియాకిటేకు సూటిగా పాస్ ఇచ్చాడు. డియాకిటే అందుకున్నదీ విడిచిందీ ఒకే కదలికలో. గంట మోగింది, బంతి వలలో పడింది, 70–70. ఓవర్‌టైమ్‌లో 80–75తో వర్జీనియా గెలిచింది. బంతి అటే దొర్లడం అదృష్టం. ఆ తర్వాత జరిగినది అదృష్టం కాదని నేను గట్టిగా చెబుతాను. మొదటి ఏడాది కుర్రాడు ఐదు సెకన్లలో సరైన నిర్ణయం తీసుకోవడాన్ని గాలివాటం అనలేం.

ఏప్రిల్ 6న మినియాపొలిస్‌లో ఆబర్న్‌తో సెమీఫైనల్ విషయంలో నేను మీ అన్నయ్య పక్షానే ఎక్కువగా ఉన్నాను. చివరి ఐదు నిమిషాల్లో పది పాయింట్ల ఆధిక్యాన్ని పోగొట్టుకున్న వర్జీనియా, ఆఖరికి 62–60తో వెనకబడింది. చివరి సెకన్లలో జెరోమ్ చేతి నుంచి జారిన బంతిని రెండు చేతులతో పట్టుకుని మళ్ళీ డ్రిబుల్ చేశాడు. అది డబుల్ డ్రిబుల్, నియమానికి విరుద్ధం, అయినా రెఫరీలు ఈల వేయలేదు. వేసి ఉంటే బంతి ఆబర్న్‌కు వెళ్ళేది, మ్యాచ్ దాదాపు ముగిసేది. ఆ తర్వాత గై మూల నుంచి మూడు పాయింట్ల షాట్ వేస్తుండగా ఆబర్న్ ఆటగాడు అతడి మీదికి వచ్చాడు. 0.6 సెకను మిగిలి ఉండగా ఫౌల్ ఇచ్చారు. దాంతో దక్కిన మూడు ఫ్రీ త్రోలూ గై వేయడంతో వర్జీనియా 63–62తో గెలిచింది. ఈ రెండో నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం, షాట్ వేసినవాడు దిగడానికి చోటు ఇవ్వాలి. మొదటిది మాత్రం తప్పే. ఆబర్న్ అభిమానుల కడుపుమంట న్యాయమైనదే.

ఏప్రిల్ 8న 72 వేల మందికి పైగా చూసిన ఫైనల్లో టెక్సస్ టెక్ ప్రత్యర్థి. రెండు జట్లకూ అదే తొలి ఫైనల్. పది పాయింట్ల ఆధిక్యం కరిగిపోయి మూడు పాయింట్లు వెనకబడ్డాక, పదమూడు సెకన్లు కూడా లేని సమయంలో జెరోమ్ లోపలికి చొచ్చుకెళ్ళి మూలకు పాస్ ఇస్తే, హంటర్ మూడు పాయింట్ల షాట్‌తో 68–68 చేశాడు. ఓవర్‌టైమ్‌లో ఒకసారి అవుట్ బాల్ నిర్ణయం రీప్లే చూశాక వర్జీనియాకు అనుకూలంగా మారింది. బంతి చివరగా టెక్సస్ టెక్ ఆటగాడి వేలికొసకు తగిలిందని తేలింది. అది నియమం ప్రకారం జరిగినదే. ఆ ఐదు నిమిషాల్లో వర్జీనియాకు దక్కిన 12 ఫ్రీ త్రోలూ పడ్డాయి. స్కోరు 85–77. ఓ ఏడాది ముందు కట్టు కట్టిన చేత్తో బెంచీ మీద కూర్చున్న హంటర్ ఈ మ్యాచ్‌లో 27 పాయింట్లు చేశాడు.

కాబట్టి ఆబర్న్ మ్యాచ్‌లో అదృష్టం కలిసి వచ్చిందని మీ అన్నయ్యతో ఒప్పుకోండి. మిగిలిన రెంటికీ ఒప్పుకోవద్దు. మొత్తం 35 విజయాలు, మూడే ఓటములు ఉన్న సీజన్‌ను ఒక ఈల ఖాతాలో వేయడం సబబు కాదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ కళాశాల జట్టులో ఆడతాడు. సాధనలో అన్నీ వేస్తాడు, మ్యాచ్‌లో ఫ్రీ త్రో లైన్ దగ్గర నిలబడగానే చేతులు వణుకుతాయి. ఆ కైల్ గై అంత ఒత్తిడిలో మూడు ఫ్రీ త్రోలు ఎలా వేయగలిగాడు?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, కైల్ గై భయం ఎరగనివాడు కాబట్టి వేశాడని చెబితే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. తనకు ఆందోళన సమస్య ఉందనీ, దానికి వైద్య సహాయం తీసుకున్నాననీ అతడే బహిరంగంగా రాశాడు. యూఎంబీసీ చేతిలో ఓడాక తల దించుకుని నిలబడిన తన ఫొటోనే ఫోన్ తెర మీద పెట్టుకున్నాడు. రోజూ ఫోన్ తీసినప్పుడల్లా దాన్నే చూశాడు.

ఆబర్న్ మ్యాచ్‌లో అతడు లైన్ దగ్గరికి వెళ్ళేసరికి రెండు పాయింట్లు వెనక, 0.6 సెకను మిగిలి ఉంది. మొదటిది పడింది. రెండోది పడింది, స్కోరు సమం. అప్పుడు ఆబర్న్ కోచ్ టైమౌట్ తీసుకున్నారు. మూడో షాట్‌కు ముందు ఆ కుర్రవాణ్ణి ఆలోచనల్లో పడేయడమే దాని ఉద్దేశం. గై తిరిగి వచ్చి మూడోదీ వేశాడు. 63–62.

మీ అబ్బాయికి నేను చెప్పగలిగింది రెండు మాటలు. వణుకు ఉన్నదని దాచవద్దని చెప్పండి, కోచ్‌తో, అవసరమైతే వైద్యులతో మాట్లాడనివ్వండి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు. రెండోది, సాధన చివర్లో బాగా పరుగెత్తి ఒగరుస్తున్నప్పుడు, తోటివాళ్ళు చుట్టూ నిలబడి చూస్తుండగా రెండేసి ఫ్రీ త్రోలు వేయమనండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు వరుసగా యాభై వేయడం వేరు, ఇది వేరు. ప్రతిసారీ బంతిని అన్నేసార్లే నేలకు కొట్టి, ఒకే విధంగా ఊపిరి వదిలి వేసే అలవాటు చేసుకుంటే, మ్యాచ్‌లో చేతులకు తెలిసిన దారి ఒకటి ఉంటుంది. ఇంట్లో మాత్రం ఎన్ని పోయాయని అడగకండమ్మా.

ప్రశ్న: ఆ తర్వాత ఆ జట్టు ఏమైంది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: హంటర్, జెరోమ్, గై ముగ్గురూ 2019లోనే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు, అంటే అమెరికా వృత్తి లీగ్ జట్లు కొత్త ఆటగాళ్ళను వరుసగా ఎంచుకునే కార్యక్రమానికి, వెళ్ళారు. హంటర్ నాలుగోవాడుగా, జెరోమ్ ఇరవై నాలుగోవాడుగా, గై యాభై అయిదోవాడుగా ఎంపికయ్యారు. అదే ఏడాది విశ్వవిద్యాలయం పెద్ద జీతం ఇస్తామంటే బెనెట్ వద్దన్నారు. తన దగ్గర ఉన్నది తనకు చాలునని చెప్పి, ఆటగాళ్ళ భవిష్యత్తు కోసం నడిచే కార్యక్రమానికి ఐదు లక్షల డాలర్లు ఇచ్చేందుకు ముందుకు వచ్చారు. 2020లో కరోనా వల్ల టోర్నమెంటే జరగలేదు. ఆ తర్వాత 2021లో ఒహాయో చేతిలో, 2023లో ఫర్మన్ చేతిలో తొలి మ్యాచ్‌లోనే ఓడారు. 2024లో ప్రాథమిక మ్యాచ్‌లో కొలరాడో స్టేట్ 67–42తో ఓడించింది. 2019 తర్వాత బెనెట్ జట్టు ఆ టోర్నమెంట్‌లో మరో మ్యాచ్ గెలవలేదు.

వాటిలో ఫర్మన్ మ్యాచ్ చూడటం నాకు చాలా కష్టమైంది. రెండు పాయింట్ల ఆధిక్యంతో సెకన్లు మాత్రమే మిగిలి ఉండగా, మూలలో ఇద్దరి మధ్య ఇరుక్కున్న కిహే క్లార్క్ బంతిని దూరంగా విసిరాడు. అది ఫర్మన్ చేతికి చిక్కింది, మూడు పాయింట్ల షాట్ పడింది, 68–67తో మ్యాచ్ పోయింది. నాలుగేళ్ళ ముందు పర్డ్యూ మీద ఆ పాస్ ఇచ్చినవాడు ఇతడే. అయిదేళ్ళు అక్కడే ఆడి, వర్జీనియా చరిత్రలో అత్యధిక అసిస్టులు (తోటివాడు పాయింట్లు చేయడానికి దారితీసిన పాస్‌లు) చేసినవాడూ ఇతడే. ఒక్క పాస్‌ను పట్టుకుని అతణ్ణి నిందించినవారిని చూసి నాకు బాధ వేసింది.

2024 అక్టోబర్‌లో, కొత్త సీజన్ మొదలవడానికి కొద్ది వారాల ముందు, బెనెట్ పదవీ విరమణ ప్రకటించారు. ఆటగాళ్ళకు డబ్బు ఒప్పందాలు, ఏటా జట్లు మారే స్వేచ్ఛ వచ్చాక మారిపోయిన వాతావరణానికి తాను సరిపోనని ఆయన స్పష్టంగానే చెప్పారు. ఆటగాళ్ళకు డబ్బు దక్కడం న్యాయమేనని కూడా ఆయనే అన్నారు.

2025 మార్చిలో వర్జీనియా కొత్త కోచ్‌గా రయన్ ఓడమ్‌ను నియమించింది. ఆయన తండ్రి 1980లలో వర్జీనియాలో సహాయ కోచ్‌గా పనిచేసినప్పుడు, ఈయన ఆ జట్టుకు బంతులు అందించే పిల్లవాడు. 2018 మార్చి 16 రాత్రి షార్లట్‌లో యూఎంబీసీ బెంచీ ముందు నిలబడి వర్జీనియాను ఓడించిన కోచ్ కూడా ఈయనే. ఇప్పుడు ఆయన జట్టు తన మ్యాచ్‌లు ఆడుతున్నది షార్లట్స్‌విల్‌లోని జాన్ పాల్ జోన్స్ ప్రాంగణంలో, పైన వేలాడే 2019 విజేతల పతాకం కింద.